సాక్షి సంతకం

"అన్న సంతకం పెట్టలేదంటే ఆయనకి ఇష్టం లేదనే కద వదినా! ఇంక ఇందుల ఆలోచించేదేముంది?"

మోహన్ గొంతు ఆ చిన్న గదికి ఎక్కువైంది. బయట నడవాలో పోతున్న నర్సు ఒకామె తలుపు అద్దంలోంచి ఓసారి చూసి, మర్యాదగా తల తిప్పుకుని వెళ్ళిపోయింది.

కోటమ్మ ఒళ్ళో ఉన్న ప్లాస్టిక్ సంచీ మూతిని మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడతపెడుతోంది. అందులో ఆమె భర్త డాక్టర్ కొండల్ రావు గారి వాచీ, కళ్ళజోడు, ఉన్ని టోపీ ఉన్నాయి. ఆదివారం పొద్దున ఇంటి ముందు డ్రైవ్‌వేలో మంచు తీస్తూ కూలిపోయారాయన. మెదడులో రక్తనాళం చిట్లింది. ఇవాళ మంగళవారం. ఇద్దరు డాక్టర్లు విడివిడిగా పరీక్షలు చేసి, పదకొండింటికి ఇక ఆయన లేరని చెప్పేశారు. మిషను ఊపిరి పోస్తోంది కాబట్టి పక్క గదిలో గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంది.

మధ్యలో బల్ల మీద ఆయన డ్రైవర్ లైసెన్సు పడి ఉంది. గొడవంతా దాని గురించే.

ఇన్సూరెన్సు కార్డు కావాలని నర్సు అడిగితే, కొడుకు ప్రణవ్ పర్సు తెరిచాడు. అప్పుడు బయటపడింది. అవయవదానానికి పేరు రాయించుకున్నవాళ్ళకి మిషిగన్ లైసెన్సు మీద ఓ మూల చిన్న గుండె బొమ్మ ఉంటుంది. ప్రణవ్ లైసెన్సు మీద ఉంది. కొండల్ రావు గారి లైసెన్సు మీద లేదు.

ఇంకొకరి లైసెన్సు అయితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. కానీ వాళ్ళుండే ట్రాయ్ ఊరి చుట్టుపక్కల ఇరవై మైళ్ళలో కొండల్ రావు గారి క్లిప్‌బోర్డు బారిన పడని తెలుగువాడు లేడు. కిడ్నీల డాక్టరు కదా, వెయిటింగ్ లిస్టులో పేరుండి, పిలుపు రాకుండానే పోయినవాళ్ళని ముప్పై ఏళ్ళు చూశారు. అందుకని తెలుగు సంఘం ఉగాది పండక్కి, భోజనాల లైను ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడ బల్ల వేసుకుని కూర్చునేవారు. ఆకలి మీదున్నవాడు వాదించడని ఆయన సిద్ధాంతం. పులిహోర కావాలంటే ముందు పెన్ను పట్టుకోవాలి. అలా నాలుగు వందల పైచిలుకు మంది చేత పేర్లు రాయించారు.

"మరి మీదెప్పుడు డాక్టర్ గారూ?" అని ఎవరైనా అడిగితే, "పెళ్ళివారింట ఇంటాయన కూర్చునేది ఆఖరి పంక్తిలో కదండీ! ముందు మీరు కానివ్వండి," అని నవ్వేసేవారు. ఆ నవ్వు చూసి, ఈయనది ఎప్పుడో అయిపోయి ఉంటుందిలే అనుకునేవారు అందరూ.

కోటమ్మ కూడా అలాగే అనుకుంది, ఇవాళ పొద్దున ఆ లైసెన్సు చూసేదాకా.

"నా ఎయిటీన్త్ బర్త్‌డే గుర్తుందా అమ్మా?" ప్రణవ్ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. రెండు రోజుల గడ్డం. "కేక్ కూడా కట్ చెయ్యలేదు. నన్ను కార్‌లో ఎక్కించి, లైసెన్స్ కోసం సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీస్‌కి తీసుకెళ్ళాడు. టూ అవర్స్ లైన్‌లో ఉన్నాం. డోనర్ కార్డ్ మీద విట్‌నెస్ సైన్ నాన్నదే. నన్ను హగ్ చేసుకుని, ఈరోజు నువ్వు పెద్దవాడివయ్యావు అన్నాడు. అప్పుడు ఆయనకి లేదు అమ్మా! ఆయన కార్డ్ ఆయనకి లేదు!"

"ప్రణవ్, మెల్లగ," అన్నాడు మోహన్.

"ఎందుకు బాబాయ్? ఎవ్రీబడీకి చెప్పాడు, తను చెయ్యలేదు. అమ్మా, ఎందుకు? నీకు తెలుసా?"

కోటమ్మ వేళ్ళు సంచీ మీద ఆగిపోయాయి.

"నాకేం తెలుసురా," అంది.

నలభై ఏళ్ళ కాపురంలో ఆమె అబద్ధాలు ఆడలేదని కాదు. చీరల ధరల దగ్గర, ఉప్పు తగ్గించానన్న దగ్గర బోలెడు ఆడింది. ఇంత బరువున్నది మాత్రం ఇదే మొదటిసారి.

తలుపు మీద రెండుసార్లు తట్టిన చప్పుడైంది. డెనీస్ వచ్చింది. అవయవదానం చూసే సంస్థ తరఫున వచ్చిన మనిషి. యాభై దాటి ఉంటాయి, బూడిదరంగు స్వెట్టరు, మెడలో బ్యాడ్జి. వైద్యం చేసిన డాక్టర్లకీ ఆమెకీ సంబంధం లేదని, ఆ డాక్టర్లు చెయ్యాల్సిందంతా చేసి తమ మాట చెప్పేశాకే తనని లోపలికి రానిస్తారని ఇందాక మొదటిసారి వచ్చినప్పుడే చెప్పింది. ఇంగ్లీషు నిదానంగా మాట్లాడుతుంది. పదేళ్ళు ట్రాయ్ లైబ్రరీలో పుస్తకాలు సర్దిన కోటమ్మకి ఆమె మాట ఒక్కటీ జారిపోవడం లేదు.

"మిమ్మల్ని తొందరపెట్టడానికి రాలేదు," అంది డెనీస్ కూర్చుంటూ. "ఒక్క సంగతి స్పష్టంగా చెప్పాలి. లైసెన్సు మీద గుండె బొమ్మ లేకపోవడం అంటే ఆయన వద్దన్నట్టు కాదు. ఆయన ఏమీ రాసిపెట్టలేదని, అంతే. రాసిపెట్టి ఉంటే మిమ్మల్ని ఈ ప్రశ్న అడిగేదాన్నే కాదు, ఆయన మాట మీకు చదివి వినిపించేదాన్ని. ఇప్పుడు చెప్పాల్సింది భార్యగా మీరు."

"ఆమె ఏం చెప్తది మేడమ్, ఈ పరిస్థితిల?" మోహన్ తెలుగులో మొదలుపెట్టి, తేరుకుని ఇంగ్లీషులోకి మారాడు. అన్నగారు డాక్టరని, అన్నీ తెలిసిన మనిషని, తెలిసీ పెట్టలేదంటే దానికి కారణం ఉంటుందని గట్టిగానే చెప్పాడు. మంచివాడే మోహన్. ఎక్కడో పార్సిప్పనీ ఊళ్ళో, ఆఫీసులో కబురు తెలియగానే, కోటు కూడా సరిగ్గా తొడుక్కోకుండా విమానం ఎక్కి వచ్చేశాడు. తండ్రి చిన్నప్పుడే పోతే, అన్నే చదివించి, అన్నే పెళ్ళి చేశాడు. అలాంటి అన్నని కోయడం అన్న మాట అతని చెవుల్లోకి వెళ్ళడం లేదు.

"నువ్వేమంటావు?" అని డెనీస్ ప్రణవ్‌ని అడిగింది.

ప్రణవ్ లైసెన్సు వైపు చూశాడు. "హార్ట్ అంటే ఏంటో నాన్న కన్నా బాగా ఎవరికీ తెలీదు. నో హార్ట్ అంటే నో అనే. నాకు కోపంగా ఉంది, బట్ ఆయన డెసిషన్ ఆయనది. రెస్పెక్ట్ చేద్దాం."

బాబాయి, అబ్బాయి రెండు రోజుల్లో ఒక్క మాట మీదకి రావడం అదే మొదలు. వచ్చేది ఈ మాట మీదకా అనుకుంది కోటమ్మ.

డెనీస్ ఆమె వైపు తిరిగింది. "నాలుగింటికి మళ్ళీ వస్తాను. అంతకన్నా ఆలస్యమైతే ఆయన శరీరం తట్టుకోలేకపోవచ్చు. మీరు ఏది చెప్పినా తప్పు లేదు."

తప్పు లేదట. ఆ మాట వినగానే కోటమ్మకి అక్కడ ఇక ఒక్క క్షణం కూర్చోబుద్ధి కాలేదు. మొహం కడుక్కొస్తానని లేచి బయటపడింది.

లిఫ్టు దగ్గర వసంతలక్ష్మి ఎదురైంది. పక్క వీధి వసంతలక్ష్మి. రెండు రోజులుగా పూటపూటా టిఫిన్ డబ్బాలు మోస్తోంది. ఇవాళ పెరుగన్నం, పైన దానిమ్మ గింజలు. ఎవరూ తినరని తెలుసు, అయినా తేవడం మానదు.

"ఒక్క ముద్ద తినండి కోటమ్మగారూ. మీరు పడిపోతే ఎలా?" అంటూ భుజం పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి తీయకుండానే గొంతు తగ్గించింది. "ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. కింద లాబీలో మనవాళ్ళంతా అనుకుంటున్నారు. డాక్టర్ గారికే గుండె బొమ్మ లేదట కదా?"

"ఎవరు చెప్పారు?"

"ఇన్సూరెన్సు కార్డు కోసం ప్రణవ్ పర్సు తీసినప్పుడు తెలుగు సంఘం భానుప్రకాష్ గారు అక్కడే ఉన్నారట. పాపం, ఆయన మామూలుగానే అన్నారు. కానీ మాట ఆగుతుందా?" వసంతలక్ష్మి తన హ్యాండ్ బ్యాగులోంచి సొంత లైసెన్సు బయటికి తీసింది. దాని మీద గుండె బొమ్మ ఎర్రగా ఉంది. "ఆయన మాట మీదే కదండీ పేరు ఇచ్చాను. మా ఆయన వద్దన్నా ఇచ్చాను. ఇప్పుడు ఆయనే పెట్టలేదంటే, లోపల మనకి తెలియని మతలబు ఏదో ఉండే ఉంటుంది. డాక్టరు కదా, ఊరికే మానేస్తారా? పేరు తీయించేసుకుందామని మా పక్కింటి ఉషా వాళ్ళూ, మేమూ..." ఆమెకి చివర్లో సిగ్గేసింది. "తప్పుగా అన్నానా?"

కోటమ్మ ఆ లైసెన్సు వైపే చూస్తూ ఉండిపోయింది.

ఒక్కొక్కరిని బతిమాలి, నవ్వించి, వేళాకోళమాడి, మొహమాటపెట్టి, పదకొండేళ్ళు కూడబెట్టిన పేర్లు. అవన్నీ ఒక్క పూటలో చెరిగిపోయేలా ఉన్నాయి. ఆయన మోసం చేశాడని కొందరు, ఆయనకి ఏదో తెలుసని కొందరు. నోరున్నవాళ్ళందరికీ ఒక్కో కారణం దొరికింది. అసలు కారణం మాత్రం ఒక్కరి దగ్గరే ఉంది.

"పెరుగన్నం లోపల పెట్టమ్మా, వస్తాను," అని కోటమ్మ తన భర్త ఉన్న గది వైపు నడిచింది.

2002, ఏప్రిల్. తల్లి పెద్దకర్మ అయ్యాక కోటమ్మ జగ్గయ్యపేట నుంచి వచ్చి వారం కాలేదు. కళ్ళు మూసుకుంటే చితి కనబడేది. ఓ సాయంత్రం కొండల్ రావు గారు భోజనానికి కూర్చుని, కంచం పక్కన ఒక చిన్న కార్డు పెట్టారు. ఆ రోజు ఆయన పేషెంటు ఒకామె పోయింది. కిడ్నీ కోసం నాలుగేళ్ళు ఎదురుచూసిన మనిషి.

"కోటా, ఇక్కడ సాక్షి సంతకం పెట్టు. ఇద్దరు కావాలి. రెండోది ఆస్పత్రిలో ఎవరిచేతైనా పెట్టిస్తా."

"ఏమిటిది?"

"నేను పోయాక నా సామాను పంచిపెట్టే కాగితం. కిడ్నీలు, కళ్ళు, పనికొచ్చేదల్లా."

ఆయన వేళాకోళంగానే అన్నారు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. మండింది అనుకుంది గానీ, అది భయం. పెన్ను పట్టుకున్న ఆయన కుడిచెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది.

"నా మీద ఒట్టే! ఈ కాగితం మీద మీరు సంతకం పెట్టారంటే నన్ను చంపుకు తిన్నట్టే!"

ఆయన కాసేపు ఆ చెయ్యి అలాగే ఆమె తల మీద ఉంచారు. తర్వాత పెన్ను మూత పెట్టి, కార్డు జేబులో వేసుకుని, చారు వడ్డించమన్నారు. అంతే జరిగింది.

అమావాస్య నాడు కారు కొన్న మనిషి ఆయన. రాహుకాలంలో గృహప్రవేశం పెట్టించి పురోహితుణ్ణి ఏడిపించిన మనిషి. అలాంటివాడు ఒక ఒట్టుకి కట్టుబడతాడా? మర్నాడే ఆస్పత్రిలో పెట్టేసి ఉంటాడులే అనుకుంది కోటమ్మ. అడగలేదు. పెట్టానంటే భయం, పెట్టలేదంటే పాపం. రెండూ లేకుండా ఉండాలంటే అడక్కపోవడమే మేలనిపించింది. రెండు మూడేళ్ళు పోయాక మరిచేపోయింది.

నిజంగానే మరిచిపోయింది. అదే ఇప్పుడు ఆమెని తినేస్తోంది. పెట్టినావిడ మరిచిపోయింది. పెట్టించుకున్న ఆయన మరిచిపోలేదు.

గదిలో మిషను క్రమం తప్పకుండా చప్పుడు చేస్తోంది. కొండల్ రావు గారి మొహం ఆదివారం మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. చెంప మీద చిన్న గాయం. మంచులో పడ్డప్పుడు గీసుకుంది. అక్కడున్న నర్సు కుర్చీ దగ్గరికి జరిపి, ఓ పక్కకి వెళ్ళి నిలబడింది.

కోటమ్మ ఆయన కుడిచెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉంది. తలదాకా ఎత్తుదామంటే గొట్టాలు అడ్డం. అందుకని తనే వంగి, మంచం అంచు మీద నుదురు ఆనించి, ఆ చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది.

"ఏమండీ," అంది. "ఇన్నేళ్ళలో ఒక్కసారి అడగొద్దూ? ఇదిగో కోటా, నువ్వు పెట్టిన ఒట్టు తీసెయ్యి అని ఒక్క మాటంటే తీసేసేదాన్ని కాదూ?"

అన్నాక ఆగింది. తీసేసేదా? నిజం చెప్పాలంటే తీసేసేది కాదు. ఇంకో రెండు ఒట్లు పెట్టి ఉండేది. అది ఆయనకి తెలుసు, అందుకే అడగలేదు.

ఏడుపు తన్నుకొచ్చింది. ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, చిన్నపిల్లలు ఆటల్లో అన్నట్టే అంది.

"తీసేశానండీ. ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను. ఇంక మీకేం అడ్డం లేదు."

ఆమె తిరిగొచ్చేసరికి మోహన్ కిటికీ దగ్గర నిలబడి పార్కింగులో కుప్పలు పోసిన మంచు చూస్తున్నాడు. ప్రణవ్ సోఫాలో తల పట్టుకుని కూర్చున్నాడు. గడియారంలో మూడుంబావు.

"డెనీస్‌ని పిలవరా ప్రణవ్," అంది కోటమ్మ. "ఇస్తున్నామని చెప్పు."

ఇద్దరూ ఒకేసారి తిరిగారు.

"వదినా, అన్న వద్దనుకున్నది..."

"మీ అన్న వద్దనుకోలేదు మోహన్. నేను వద్దన్నాను." నిలబడే చెప్పింది. కూర్చుంటే మళ్ళీ నోరు పెగలదని భయం. "రెండువేల రెండులో కార్డు తెచ్చి సాక్షి సంతకం పెట్టమని అడిగారు. పెట్టలేదు సరికదా, ఆయన చెయ్యి నా నెత్తిన పెట్టుకుని ఒట్టు పెట్టాను. సంతకం పెడితే నన్ను చంపుకున్నట్టేనన్నాను. అందుకని పెట్టలేదు. వేరే కారణం లేదు. మీ నాన్న ఎవర్నీ మోసం చెయ్యలేదురా."



ప్రణవ్ లేచాడు. "ఒట్టు అంటే ప్రామిసేగా? జస్ట్ ఎ ప్రామిస్?"

"ప్రామిసే. కాకపోతే తప్పితే నేను చచ్చిపోతానని."

"అది సూపర్‌స్టిషన్ అమ్మా! నాన్న అలాంటివి నమ్మడు!"

"నమ్మరు."

"మరి?"

"నేను నమ్ముతానని ఆయనకి తెలుసు," అంది కోటమ్మ. "సంతకం పెట్టేస్తే నాకేమీ కాదని ఆయనకి తెలుసురా. కానీ ఒంట్లో కాస్త నలతగా ఉన్నప్పుడల్లా, ఈయన ఒట్టు తప్పాడు కాబోలు అని నేను హడలిచస్తానని కూడా తెలుసు. అందుకని ఊరుకున్నారు."

మోహన్ చేతులతో మొహం కప్పుకున్నాడు. ప్రణవ్ మాత్రం తల్లినే చూస్తున్నాడు. ఆ చూపు ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఇందాక అడిగాను నిన్ను," అన్నాడు. "నాకేం తెలుసు అన్నావ్. త్రీ అవర్స్, నాన్నని నేను లైయర్ అనుకున్నాను. ఆయన అక్కడ అలా ఉంటే, ఆయన మీద కోపంగా కూర్చున్నాను. నువ్వు చూస్తూ ఉన్నావ్."

"ప్రణవ్..."

వాడు తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

ప్రణవ్ చెప్పాడు కాబోలు, డెనీస్ కాగితాలతో వచ్చింది. అంతా విన్నాక, ఒక్క ప్రశ్న అడిగింది. "ఆయనకి ఇవ్వాలని ఉండేదా?"

"ఉండేది. నేనే ఆపాను."

"సరే. ఆయన మాట మీరు చెప్పారు. అది చాలు."

ఒక్కో అవయవానికీ ఒక్కో గీత. డెనీస్ చదువుతోంది, ఇష్టమైనదానికే అవునని రాయమంటోంది. కిడ్నీలు. పేషెంట్లకి ఇప్పించలేకపోయిన కిడ్నీల కోసం ఆయన రాత్రుళ్ళు నిద్రపోని సంగతి గుర్తొచ్చింది. అవును. కాలేయం, అవును. ఒళ్ళు కాలినవాళ్ళకి పనికొచ్చే చర్మం, అవును. కళ్ళు.

పెన్ను ఆగింది.

"కళ్ళు గూడనా వదినా?" మోహన్ కిటికీ దగ్గర్నుంచే అన్నాడు. ఇప్పుడు వాదన లేదు గొంతులో, ఉత్త బాధే ఉంది. "రేపు అన్న ముఖం ఎట్ల చూడాలె మనం?"

పెన్ను ఆగిన గీత చూసి, ఆయన మొహం మొహంలాగే ఉంటుందని, చూసేవాళ్ళకి తేడా తెలియదని డెనీస్ మెత్తగా చెప్పింది. కోటమ్మ ఆ మాట మోహన్‌కి తిరిగి చెప్పలేదు. అతని బాధ అది అర్థం కాక కాదు. కంచం పక్కన కార్డు పెట్టిన రోజు, కళ్ళు అన్న మాట దగ్గరే తను ఆయన చెయ్యి లాగింది. ఇప్పుడు మళ్ళీ ఆగితే, నెత్తిన చెయ్యి పెట్టుకుని చెప్పిందంతా ఉత్తుత్తి మాటే అవుతుంది.

అవును అని రాసింది. కింద సంతకం పెట్టింది. జగ్గయ్యపేట హైస్కూల్లో నేర్చుకున్న పొడుగు సంతకం, పూర్తి పేరుతో.

డెనీస్ ఇంకో గీత చూపించింది. "ఇక్కడ సాక్షి."

కోటమ్మ తలెత్తింది.

"మీరు సంతకం పెడుతుండగా చూసినవాళ్ళు, లేదా మీ సంతకం మీదేనని చెప్పగలిగినవాళ్ళు. నర్సుని పిలవనా?"

"వద్దు," అంది కోటమ్మ. ఎందుకో తనకే సరిగ్గా తెలియలేదు. "మా వాళ్ళెవరైనా పెట్టాలి."

మోహన్ వైపు చూసింది. అతను చూపు దించుకున్నాడు. "నన్నడగకు వదినా. నువ్వు చేసింది తప్పంటలేను. కానీ నా చెయ్యి రాదు." నలభై ఏళ్ళుగా మీరు అని పిలిచిన మనిషి, తెలియకుండానే నువ్వు అనేశాడు. కోటమ్మకి అతని మీద కోపం రాలేదు. తనకీ అప్పుడు చెయ్యి రాలేదు.

నాలుగవడానికి పది నిమిషాలుంది. డెనీస్ గడియారం వైపు చూసింది.

తలుపు తెరుచుకుంది. ప్రణవ్ లోపలికొచ్చాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నాన్న దగ్గరికి వెళ్ళాను," అన్నాడు ఎవరినీ చూడకుండా. "నర్స్ అడిగింది, మీ అమ్మ ఆయన చెయ్యి తల మీద పెట్టుకుని ఏదో చెప్పింది, అది మీ ప్రేయరా అని. నాకు తెలీదు అన్నాను."

"ఒట్టు తీసేశానురా."

ప్రణవ్ బల్ల దగ్గరికొచ్చి కాగితం చదివాడు. పై నుంచి కింద దాకా చదివాడు. కళ్ళు అన్న గీత దగ్గర కాసేపు ఆగాడు. ఖాళీగా ఉన్న సాక్షి గీత చూశాడు. పెన్ను తీసుకున్నాడు.

"ఇది సైన్ చేస్తే నిన్ను ఫర్గివ్ చేసినట్టు కాదు అమ్మా."

"తెలుసు. క్షమించమని అడగడం లేదు. మీ నాన్న అడిగినప్పుడు నేను పెట్టలేకపోయిన సంతకం, అదొక్కటి పెట్టు."

వాడు వంగాడు. పెన్ను కాగితానికి ఆనింది. ఆని, మళ్ళీ పైకి లేచింది.

"నీ లైసెన్స్ చూపించు," అన్నాడు.

"ఏమిటి?"

"నీ లైసెన్స్ అమ్మా. ఫోర్ హండ్రెడ్ పీపుల్‌ని అడిగాడు నాన్న. నిన్ను మళ్ళీ అడగలేదు కదా?" ఈసారి వాడి గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు స్కూలు బస్సు రాకపోతే ఎలా ఉండేదో అలా ఉంది. "రేపు నీకేమైనా అయితే ఈ చెయిర్‌లో నేను కూర్చోవాలి. డెనీస్ లాంటి వాళ్ళు వచ్చి, మీ అమ్మకి ఏం ఇష్టం అని అడుగుతారు. నేను ఏం చెప్పాలి?"

కోటమ్మ చెయ్యి తన హ్యాండ్ బ్యాగు మీదికి వెళ్ళింది. అందులో ఉన్న లైసెన్సు మీద ఏముందో, ఏం లేదో తియ్యకుండానే ఆమెకి తెలుసు. జిప్పు మీద వేళ్ళు పెట్టి అలాగే ఉండిపోయింది.

మూత తీసిన పెన్ను పట్టుకుని, జవాబు కోసం చూస్తూ కొడుకు నిలబడే ఉన్నాడు.